మీ వాడి లెక్క కూడా అడగండి సార్: అమెరికా కాంగ్రెస్‌కి ఒక తెలుగోడి బహిరంగ లేఖ

వాషింగ్టన్‌లో కాపిటల్ బిల్డింగ్‌లో కూర్చునే 435 మంది హౌస్ సభ్యులకీ, 100 మంది సెనేటర్లకీ, ఏనుగు గుర్తు రిపబ్లికన్లకీ గాడిద గుర్తు డెమొక్రాట్లకీ, ఇండిపెండెంట్ అని చెప్పుకుంటూనే గాడిద వైపు కూర్చునే ఆ ఇద్దరు సెనేటర్లకీ అందరికీ కలిపి నమస్కారం.

నేను టెక్సాస్‌లో డాలస్ పక్కన ఉంటానండి. సొంతూరు ఖమ్మం జిల్లాలో మధిర దగ్గర ఒక పల్లె. 2006లో హెచ్1బీ మీద వచ్చా, కిందా మీదా పడితే గ్రీన్ కార్డు వచ్చింది, 2017లో చెయ్యెత్తి ప్రమాణం చేసి సిటిజెన్ అయ్యా, 2018 నుంచి ప్రతి ఎలక్షన్‌కీ లైన్లో నిలబడి ఓటేస్తున్నా. ఒకసారి ఏనుక్కి వేశా ఒకసారి గాడిదకి వేశా, ఒకే బ్యాలెట్ మీద ఇద్దరికీ వేసిన రోజులు కూడా ఉన్నాయి, కాబట్టి వీడు ఫలానా పార్టీ వాడులే అని పక్కన పడేయొద్దు. ఇంగ్లీషులో రాయొచ్చు కదా నాన్నా, వాళ్ళకి తెలుగేం అర్థమవుద్ది అన్నాడు మావాడు. ఇంగ్లీషులో రాసినవి నాలుగున్నాయిరా, నాలుగింటికీ ఒకటే జవాబు వచ్చింది, మీ అభిప్రాయం మాకు చాలా విలువైనది అని, ఒక్క కామా కూడా మార్చలా అన్నా. తెలుగులో రాస్తే కనీసం మనవాళ్ళన్నా చదువుతారు. మీకు కావాలంటే ట్రాన్స్‌లేట్ చేయించుకోడానికి స్టాఫ్ ఉన్నారు, వాళ్ళ జీతాలు మేం కట్టే టాక్సుల్లోవే.

విషయానికొస్తా. 2025 జనవరి 24, శుక్రవారం రాత్రి. కొత్త ప్రెసిడెంట్ ప్రమాణం చేసి అప్పటికి నాలుగు రోజులు. ఆ రాత్రి దాదాపు 17 మంది ఇన్‌స్పెక్టర్ జనరల్స్‌కి ఈమెయిల్ వచ్చింది, ప్రాధాన్యాలు మారాయి, మీ ఉద్యోగం అయిపోయింది, ఇక రావొద్దు అని. ఇన్‌స్పెక్టర్ జనరల్ అంటే మనవాళ్ళు పోలీసు ఐజీ అనుకుంటారు, అది కాదు. మన దగ్గర విజిలెన్సూ ఆడిటూ కలిపి ఒకే ఆఫీసులో పెట్టి, ఆ ఆఫీసుని డిపార్ట్‌మెంట్ లోపలే కూర్చోబెడితే ఎలా ఉంటదో అది. వ్యవసాయ శాఖకి ఒకరు, డిఫెన్స్‌కి ఒకరు, మాజీ సైనికుల శాఖకి ఒకరు, ఇలా. డబ్బు ఎక్కడ కారిపోతుంది, కాంట్రాక్టులో ఎవరు తిన్నారు, పెద్ద కుర్చీలో ఉన్నాయన తన పవర్ దేనికి వాడుకున్నాడు అని తవ్వి, రిపోర్టు రాసి అటు శాఖ పెద్దకీ ఇటు మీకూ ఇవ్వడం వాళ్ళ పని. ఈ పోస్టుల్ని పెట్టింది ఎవరో కాదు, మీరే. ప్రెసిడెంట్ నిక్సన్ పదవి పోగొట్టిన వాటర్‌గేట్ గొడవ సద్దుమణిగాక, 1978లో, కార్టర్ టైములో మీ కాంగ్రెస్సే చట్టం చేసింది, మొదట 12 చోట్ల. ఏ పార్టీ మనిషి అని చూడకుండా తీసుకోవాలని ఆ చట్టంలోనే రాసి ఉంది.

ఇప్పుడు ట్రంప్ ఒక్కడే చేశాడు అనుకోవద్దు, అసలు నా గోల అదే. 1981లో రీగన్ వచ్చీ రాగానే అప్పటికున్న ఐజీలందర్నీ ఒక్క దెబ్బకి తీసేశాడు, గోలయ్యాక కొంతమందిని మళ్ళీ పిలిచాడు. 2009లో ఒబామా అమెరికార్ప్స్ అనే ప్రభుత్వ సేవా పథకం లెక్కలు చూసే జెరాల్డ్ వాల్పిన్‌ని తీసేస్తే రిపబ్లికన్లు మండిపడ్డారు, డెమొక్రాట్లలో ఎక్కువమందికి అది పెద్ద విషయంగా కనపడలా. 2020లో ట్రంప్ ఏప్రిల్‌లో ఇంటెలిజెన్స్ ఐజీ మైకేల్ అట్కిన్సన్‌నీ మేలో స్టేట్ డిపార్ట్‌మెంట్ ఐజీ స్టీవ్ లినిక్‌నీ తీసేస్తే ఈసారి డెమొక్రాట్లు మండిపడ్డారు, రిపబ్లికన్లలో ఎక్కువమందికి అది పెద్ద విషయంగా కనపడలా. డైలాగులు అవే, చెప్పేవాళ్ళు సీట్లు మారారంతే. ఇదంతా చూసే కదా 2022 డిసెంబర్‌లో మీరందరూ కలిసి డిఫెన్స్ బిల్లులో ఒక ముక్క పెట్టారు, ఐజీని తీసేయాలంటే ప్రెసిడెంట్ 30 రోజుల ముందు కాంగ్రెస్‌కి చెప్పాలి, ఊరికే నమ్మకం పోయింది అంటే కుదరదు, ఆ మనిషి విషయంలో అసలు కారణం ఏంటో వివరంగా రాయాలి అని. మంచి చట్టం. రెండేళ్ళ ఒక నెల నిలబడింది.

ఆ శుక్రవారం రాత్రి తర్వాత అయోవా రిపబ్లికన్ చక్ గ్రాస్లీ, ఇల్లినాయ్ డెమొక్రాట్ డిక్ డర్బిన్ కలిసి కారణాలేవి అని వైట్‌హౌస్‌కి లెటర్ రాశారు. గ్రాస్లీ గారిని నిజంగానే మెచ్చుకోవాలి, 2009లో ఒబామానీ అడిగాడు, 2020లో సొంత పార్టీ ప్రెసిడెంట్‌ని అడగడమే కాదు, కారణం చెప్పేదాకా ఆయన పెద్ద పోస్టులకి ఎంచుకున్న ఇద్దరి నామినేషన్లు కదలనివ్వకుండా పట్టుకున్నాడు. 2025లో మాత్రం పెన్నే కదిలింది, పట్టు కనపడలా. ఎనిమిది మంది ఐజీలు కోర్టుకెళ్ళారు, సెప్టెంబర్‌లో జడ్జి ఆనా రేయెస్ గారు తీసేసిన పద్ధతి చట్ట విరుద్ధమే అని తేల్చి, ఉద్యోగం మాత్రం తిరిగి ఇప్పించలేనన్నారు, ఎందుకంటే తిరిగి పెట్టినా 30 రోజుల నోటీసిచ్చి మళ్ళీ తీసేయొచ్చు కదా అని. అంటే ఏమైందన్నమాట? చట్టం మీది. తప్పిందని కోర్టు చెప్పింది. బడ్జెట్ మీ చేతిలో ఉంది, హియరింగులు మీ చేతిలో ఉన్నాయి, సెనేట్‌లో నామినేషన్లు మీ చేతిలో ఉన్నాయి. మీ చట్టాన్ని మీ ముందే చించేస్తే ఉలుకూ పలుకూ లేకపోవడానికి ఒకటే కారణం, చించినాయన మీలో సగం మందికి నాయకుడు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి, కాస్త ఓపిక పట్టండి. 2008లో సెలవు మీద ఇంటికి వెళ్ళా. అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకి సోషల్ ఆడిట్ అని మొదలెట్టి ఎక్కువ రోజులు కాలేదు. పద్ధతేంటంటే, వేరే ఊళ్ళ కుర్రాళ్ళు, వాళ్ళూ కూలోళ్ళ పిల్లలే, వాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి ఊళ్ళోకి పంపుతారు, సొంత ఊరు మాత్రం ఇవ్వరు. ఆ కుర్రాళ్ళు మస్టర్ రోల్ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు, నువ్వు ఆ వారం చెరువు పనికి ఎన్ని రోజులెళ్ళావు, పోస్టాఫీసులో ఎంత చేతికిచ్చారు అని రాసుకుంటారు, తర్వాత అందర్నీ కూర్చోబెట్టి మైకులో చదువుతారు. మా ఊళ్ళో స్కూలు ముందు షామియానా వేశారు. ఒక పిల్లాడు చదువుతున్నాడు, ఫలానా ముసలమ్మ, ఆరు రోజులు, ఇంత డబ్బు, వేలిముద్ర ఉంది అని. ఆవిడ లేచింది. "ఆ వారం నేను హైదరాబాద్‌లో మా కూతురింట్లో ఉన్నానయ్యా, మనవరాలు పుట్టింది. నేనక్కడుంటే నా వేలు ఇక్కడికెట్టా వచ్చింది?" అంది. జనం నవ్వారు. పనికి హాజరు వేసే ఫీల్డ్ అసిస్టెంట్ నవ్వలా.

ఫీల్డ్ అసిస్టెంట్ మా బాబాయి వాళ్ళ పార్టీ కుర్రాడు. బాబాయి లేచి, ఇదంతా అవతలి పార్టీ వాళ్ళు ఆడిస్తున్న నాటకం అని మొదలెట్టాడు. అప్పుడు ఆ చదివే పిల్లాడు, మా వైపు వాడు కూడా కాదు, కంగారు పడకుండా "పార్టీ సంగతి తర్వాత మాట్లాడదాం సార్, ముందు వేలు సంగతి చెప్పండి" అన్నాడు. అంతే. బాబాయి కూర్చున్నాడు. ఆ డబ్బు కట్టించారు. అన్ని ఊళ్ళలో అలాగే జరిగిందనీ, బయటపడిందంతా వసూలైందనీ నేను చెప్పను, కాలేదు, చాలాచోట్ల ఆ పిల్లల్ని మాట్లాడనివ్వలేదు కూడా. కానీ ప్రశ్న ఆ వరసలో అడగాలి అన్నది మాత్రం నాకు ఆ షామియానా కిందే అర్థమైంది. మీ దగ్గర ప్రతి హియరింగూ మా బాబాయితో మొదలయ్యి మా బాబాయితోనే అయిపోతుంది. వేలు సంగతికి ఎవరూ రారు. ఐదు నిమిషాల టైములో నాలుగున్నర నిమిషాలు అవతలి పార్టీని తిట్టి, మిగిలిన అర నిమిషంలో సాక్షిని అవునా కాదా అవునా కాదా అని కేకలేసి, సాయంత్రానికి ఆ క్లిప్పు ఫోన్లలో తిప్పించి, కింద చందా లింకు పెడతారు.

సరే ఐజీలంటే ప్రెసిడెంట్ చేతిలో వ్యవహారం, మేమేం చేస్తాం అంటారు. పూర్తిగా మీ ఇంట్లో సంగతే మాట్లాడదాం, షేర్లు. 2012లో స్టాక్ యాక్ట్ అని తెచ్చారు. సభ్యులు పదవిలో తెలిసిన లోపలి సమాచారంతో షేర్లు కొనకూడదు అమ్మకూడదు, ఏది కొన్నా అమ్మినా 45 రోజుల్లోపు బయటపెట్టాలి. సెనేట్‌లో 96 మంది అవునన్నారు ముగ్గురు కాదన్నారు, హౌస్‌లో 417 మంది అవును ఇద్దరు కాదు. ఏప్రిల్ 4న ఒబామా సంతకం, చప్పట్లు, ఫోటోలు. అందరూ చూస్తుండగా చేసిన పని కదా, బ్రహ్మాండంగా చేశారు. ఏడాది తిరిగింది. 2013 ఏప్రిల్ 11న సెనేట్‌లో, 12న హౌస్‌లో, చర్చ లేదు, ఎవరు అటు ఎవరు ఇటు అని ఓటు లెక్క లేదు, అభ్యంతరం లేదు కాబట్టి పాస్ అనేసి, ఆ చట్టంలో అసలు పని చేసే ముక్కని పీకేశారు. స్టాఫ్ వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టక్కర్లేదు, సభ్యుల వివరాలు వెతుక్కోడానికి వీలుగా డేటాబేస్ కట్టక్కర్లేదు. 15న సంతకం. ఉద్యోగుల భద్రతకి ప్రమాదం అని సాకు చెప్పారు, అందులో కొంత నిజం ఉందనే అనుకుందాం, మరి సభ్యుల లెక్కలు వెతుక్కునే వీలు తీసేయడానికి ఏ శత్రుదేశం భయం? ఇంత గొడవపడే రెండు పార్టీలు, బడ్జెట్ టైముకి పాస్ చేయలేని రెండు పార్టీలు, ఈ ఒక్క పని రెండ్రోజుల్లో అన్నదమ్ముల్లా చేసుకున్నాయి.

ఇంతకీ 45 రోజుల్లో చెప్పకపోతే ఫైన్ ఎంతో తెలుసా మనవాళ్ళకి? 200 డాలర్లు. స్కూల్ జోన్‌లో స్పీడుగా పోయినందుకు నాకు పడ్డ టికెట్ అంతకంటే ఎక్కువ. దాన్ని కూడా మాఫీ చేయొచ్చు.

2012లో వద్దన్న ఆ ముగ్గురు సెనేటర్లలో ఒకాయన నార్త్ కరోలినా రిపబ్లికన్ రిచర్డ్ బర్. 2020 ఫిబ్రవరి 13న, అంటే కరోనా మన వీధిలోకి ఇంకా రాకముందు, సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ ఛైర్మన్‌గా ఉండి, ఒక్కరోజులో 33 లావాదేవీల్లో షేర్లు అమ్మేశాడు, తక్కువలో తక్కువ 6 లక్షల 28 వేల డాలర్లవి, ఎక్కువంటే 17 లక్షలు. ఇంత తేడా ఏంటంటే మీ ఫారంలో ఖచ్చితమైన అంకె రాయక్కర్లేదు, ఇంత నుంచి ఇంత వరకు అని టిక్కు పెడితే చాలు. నా టాక్స్ రిటర్న్‌లో కూడా అలా టిక్కు పెట్టుకోనిస్తే బాగుండు. న్యాయ శాఖ విచారించి 2021 జనవరిలో కేసు లేకుండా మూసేసింది, ఆయన పబ్లిక్‌గా వచ్చిన వార్తలు చూసే అమ్మానన్నాడు, నేరం రుజువు కాలేదు కాబట్టి నేరస్థుడు అనను. ఆ టైములోనే రిపబ్లికన్లు కెల్లీ లెఫ్లర్, జేమ్స్ ఇన్‌హోఫ్, డెమొక్రాట్ డయాన్ ఫైన్‌స్టైన్ కుటుంబాల లావాదేవీల మీద కూడా చూశారు, అవీ మూసేశారు. నేను అడిగేది నేరం గురించి కాదు. అంపైర్ బెట్టింగ్ కడుతుంటే, రూలు తప్పకుండానే కడుతున్నాడులే అని ఏ గ్రౌండ్‌లోనైనా ఊరుకుంటారా?

2021 డిసెంబర్‌లో స్పీకర్ నాన్సీ పెలోసీని ఇదే అడిగితే మనది ఫ్రీ మార్కెట్, సభ్యులూ అందులో పాల్గొనొచ్చు అన్నారు. వాళ్ళాయన పెద్ద ఇన్వెస్టర్ కాబట్టి ఆ మాట బాగా గుచ్చుకుంది, తర్వాత ఆవిడ కాస్త వెనక్కి తగ్గారు, 2022 సెప్టెంబర్‌లో హౌస్ డెమొక్రాట్లు బిల్లు తెచ్చి ఎలక్షన్ల ముందు ఓటింగ్ దాకా రాకుండానే పక్కన పెట్టేశారు. రిపబ్లికన్లు ఆవిడని ఆడిపోసుకున్నారు, మిస్సోరి సెనేటర్ జాష్ హాలీ అయితే తన బిల్లుకి ఆవిడ పేరే వచ్చేలా పెట్టాడు. తీరా 2025 జూలైలో ఆ బిల్లుకి పేరు మార్చి, ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్‌కి కూడా వర్తించేలా సెనేట్ కమిటీకి వస్తే 8-7తో గట్టెక్కింది, ఆ ఎనిమిదిలో ఏడుగురు డెమొక్రాట్లు, రిపబ్లికన్ హాలీ ఒక్కడే. సొంత పార్టీ సభ్యులంతా వద్దన్నారు, ప్రెసిడెంట్ సోషల్ మీడియాలో ఆయన్నే తిట్టాడు. పెలోసీ పేరు ఉన్నంత కాలం అది అవినీతి మీద యుద్ధం, తమదాకా వచ్చేసరికి అది సెకండ్ టైర్ సెనేటర్ పని. గురివింద గింజ సామెత మా వాళ్ళు మీకోసమే కట్టి పెట్టినట్టుంది.

ఇంకోటి, సమాచార చట్టం. మా దేశంలో ఆర్టీఐ 2005లో వచ్చింది, మీ ఫోయా 1966లోనే వచ్చింది, జూలై 4న, మీ స్వాతంత్ర్య దినం రోజున జాన్సన్ సంతకం పెట్టాడు. దాన్ని చూసి మొదట్లో నాకు ఎంత గౌరవమో. తర్వాత తెలిసింది అది ప్రెసిడెంట్ కింద పనిచేసే ఆఫీసులకే తప్ప కాంగ్రెస్‌కి వర్తించదని. మా ఆర్టీఐ కింద లోక్‌సభ సెక్రటేరియట్‌ని కూడా అప్లికేషన్ పెట్టి అడగొచ్చు. మా వాళ్ళు మహానుభావులని కాదు, 2013లో మా సెంట్రల్ ఇన్ఫర్మేషన్ కమిషన్ ఆరు జాతీయ పార్టీలు కూడా ఆర్టీఐ కిందికి వస్తాయని ఆర్డరిస్తే ఆరింటికి ఆరూ ఖాతరు చేయలా, ఎర్ర పార్టీలతో సహా. ఈ ఒక్క విషయంలో ఢిల్లీ అయినా వాషింగ్టన్ అయినా రాజకీయ నాయకుడి ఒంట్లో రక్తం ఒకటే గ్రూపు.

మీ వాళ్ళని మీరు ఎప్పుడూ వదిలేస్తారు అంటే అన్యాయం అవుద్ది. న్యూజెర్సీ డెమొక్రాట్ సెనేటర్ బాబ్ మెనెండెజ్ ఇంట్లో 2022 జూన్‌లో ఎఫ్‌బీఐ సోదా చేస్తే కవర్లలో, కోటు జేబుల్లో కుక్కిన క్యాష్ 4 లక్షల 80 వేల డాలర్ల పైన దొరికింది, పైగా బంగారు బిస్కెట్లు. (ఈ వార్త వచ్చిన రోజు మా ఆవిడ, బీరువాలో బంగారం పెట్టుకునేది మనమే అనుకున్నా, వీళ్ళు కూడానా అంది.) 2023లో ఛార్జిషీట్ పడగానే సగం మందికి పైగా డెమొక్రాట్ సెనేటర్లు రాజీనామా చెయ్ అన్నారు, 2024 జూలైలో 16 నేరాలూ రుజువయ్యాయి, 11 ఏళ్ళ శిక్ష పడింది. శభాష్. కాకపోతే ఆయన దిగిపోతే కొత్తవాణ్ణి నియమించే గవర్నర్ కూడా డెమొక్రాటే, సీటు ఎటూ పోదు, కాబట్టి ఆ శభాష్‌లో కొంచెం కట్ చేసుకుంటున్నా. మోసం కేసుల్లో ఇరుక్కున్న న్యూయార్క్ రిపబ్లికన్ హౌస్ సభ్యుడు జార్జ్ శాంటోస్ సంగతి దానికంటే కష్టం, ఎందుకంటే అప్పుడు హౌస్‌లో రిపబ్లికన్ల మెజారిటీ నాలుగైదు సీట్ల మీద వేలాడుతుంది, ఒక్కో ఓటూ బంగారం బిస్కెట్టే. అయినా 2023 డిసెంబర్ 1న 311-114తో బయటికి పంపారు, అందులో 105 మంది రిపబ్లికన్లు సొంత పార్టీ మనిషి మీదే ఓటేశారు. 112 మంది వేయలా, స్పీకర్ మైక్ జాన్సన్ వేయలా. ఆ 105 మందిలో మీరెవరన్నా ఉంటే, మీకు మాత్రం ఈ లేఖలో సగమే వర్తిస్తుంది. ఏం లాభం లెండి, ఏడేళ్ళకి పైగా జైలు శిక్ష పడినాయన మూడు నెలలు కూడా పూర్తిగా ఉండకముందే 2025 అక్టోబర్‌లో ప్రెసిడెంట్ శిక్ష తగ్గించి ఇంటికి పంపేశాడు.

క్షమాభిక్షల గురించి ఎక్కువ రాయను, కడుపు మండుద్ది. కొడుక్కి ఇవ్వను ఇవ్వను అని చెప్పి 2024 డిసెంబర్ 1న హంటర్‌కి ఇచ్చింది బైడెన్, దిగిపోయే రోజు చివరి నిమిషాల్లో అన్నదమ్ములకీ చెల్లెలికీ కూడా ఇచ్చాడు. అదే రోజు సాయంత్రం ట్రంప్ కాపిటల్ మీద దాడి కేసుల్లో దాదాపు 1500 మందికి ఇచ్చాడు, ఆ బిల్డింగ్‌లో టేబుళ్ళ కింద దాక్కున్నది మీరే.

2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా, 43 రోజులు, బడ్జెట్ పాస్ చేయకుండా గవర్నమెంట్‌కి తాళం వేశారు. అంతకుముందు రికార్డు 35 రోజులు, 2018-19ది. మా వీధి చివర ఒకాయన ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల్ని చెక్ చేసే టీఎస్ఏలో చేస్తాడు, రోజూ డ్యూటీకి వెళ్ళొచ్చాడు, జీతం రాలా, కారు ఈఎంఐ కట్టలేక మమ్మల్ని అడగలేక మొహం చాటేశాడు. మా గుడి కిచెన్‌లో శనివారం పులిహోర, సాంబారన్నం పొట్లాలు కట్టి ఫెడరల్ ఉద్యోగుల ఇళ్ళకి పంపాం, యూనిఫాం వేసుకున్న మనిషి రెండు చేతులూ చాచి పొట్లం తీసుకుంటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలా. ఆ 43 రోజులూ మీ జీతం ఏడాదికి 1 లక్షా 74 వేల డాలర్ల లెక్కన పడుతూనే ఉంది. రాజ్యాంగంలో అలా ఉంది, 27వ సవరణ ప్రకారం మధ్యలో మార్చకూడదు అంటారు, నిజమే, వచ్చే ఎలక్షన్ తర్వాత నుంచి వర్తించేలా ఇప్పుడు చట్టం చేయొచ్చు కదా, దానికి ఏ సవరణ అడ్డం? మనవాళ్ళకి ఇంకో దెబ్బ. లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఎల్‌సీఏలు, అంటే హెచ్1బీ కోసం కంపెనీలు జీతం వివరాలతో ముందుగా పెట్టే కాగితాలు, చూసే పని ఆగిపోయింది. ఎల్‌సీఏ లేకపోతే హెచ్1బీ ట్రాన్స్‌ఫర్ ఫైల్ చేయలేరు. మాకు తెలిసిన అమ్మాయి లేఆఫ్ అయ్యి, కొత్త ఉద్యోగానికి మారడానికి ఇచ్చే 60 రోజుల గడియారం తిరుగుతుంటే, చేతిలో కొత్త ఆఫర్ లెటర్ పెట్టుకుని, ఆ వెబ్‌సైట్ ఎప్పుడు తెరుస్తారా అని రాత్రిళ్ళు రిఫ్రెష్ కొడుతూ కూర్చుంది. మీరేమో టీవీల్లో ఇది సెనేట్ డెమొక్రాట్ల నాయకుడి పేరుతో షూమర్ షట్‌డౌన్ అని ఒకళ్ళు, రిపబ్లికన్ షట్‌డౌన్ అని ఒకళ్ళు పేరు పెట్టుకునే పోటీలో ఉన్నారు.

గ్రీన్ కార్డు బిల్లు సంగతి మా ఇళ్ళల్లో ప్రతి ఒక్కరికీ గుర్తుంది, మీకు గుర్తుందా? 1990 నాటి చట్టం, ఏ దేశానికైనా 7 శాతానికి మించి ఇవ్వకూడదు, చిన్న దేశమైనా ఇండియా అయినా ఒకటే. 2019 జూలైలో హౌస్‌లో ఉద్యోగాల కోటాకి ఆ లిమిట్ తీసేసే బిల్లు 365-65తో పాసైంది. అంటే రెండు పార్టీలూ. 2020 డిసెంబర్‌లో సెనేట్ తన బిల్లుని ఒక్క అభ్యంతరం లేకుండా పాస్ చేసింది. అంటే మళ్ళీ రెండు పార్టీలూ. రెండు బిల్లుల్లో మాటలు తేడా ఉన్నాయి, కూర్చుని కలపాలి, కలపలేదు, జనవరి 3న టర్మ్ అయిపోయింది, బిల్లు చచ్చిపోయింది. ఎవరు చంపారు? ఎవరూ చంపలేదు! 365 మంది అవునన్నారు, 100 మంది అడ్డు చెప్పలేదు, అయినా శవం అక్కడుంది. రిపబ్లికన్‌ని అడిగితే డెమొక్రాట్లంటారు, డెమొక్రాట్‌ని అడిగితే రిపబ్లికన్లంటారు. అప్పటి పిల్లలు ఇప్పుడు 21 దాటి డిపెండెంట్ వీసా పోయి, పెరిగిన ఊళ్ళోనే పరాయి స్టూడెంట్లుగా ఫీజు కడుతున్నారు.

మనవాళ్ళకి కూడా ఒక మాట, ఎందుకంటే చదివేది మీరే. వాట్సాప్ గ్రూపుల్లో ట్రంప్ వర్గం, అవతలి వర్గం అని విడిపోయి, అక్కడ ఊళ్ళో పసుపు, నీలం, గులాబీ అని కొట్టుకున్నట్టే ఇక్కడ ఎరుపు, నీలం అని కొట్టుకుంటున్నాం. ఐజీలని తీసేసిన వార్త పెడితే, బైడెన్ టైములో ఎక్కడున్నావ్ అని ఒకడు. హంటర్ వార్త పెడితే, ట్రంప్ చేసినవి కనపడవా అని ఇంకొకడు. మనమూ బాబాయిలమే. ఫండ్‌రైజర్‌కి వెయ్యి డాలర్లు కట్టి, సూటేసుకుని, కాంగ్రెస్‌మాన్ గారి పక్కన నిలబడి ఫోటో దిగి ఫేస్‌బుక్‌లో పెడతాం, ఆ పది సెకన్లలో కూడా ఏమయ్యా మా బిల్లేమైంది అని అడగం. అడిగితే ఫోటోలో నవ్వు పోతుందని భయం. నేనూ దిగా అలాంటి ఫోటో, మా హాల్లోనే ఉంది.

ఇంతకీ ఏం కావాలి అంటారా, పెద్ద విప్లవాలేం అడగట్లా. మీ పార్టీ ప్రెసిడెంట్ ఉన్నప్పుడు, మీ పార్టీ ఛైర్మన్ ఉన్న కమిటీలో, మీ సైడు నుంచి మొదట మాట్లాడే మనిషి మొదటి ప్రశ్న మీ వాడి మీద వేయండి. ఒక్క ప్రశ్న చాలు, ఆ తర్వాత నాలుగున్నర నిమిషాలు అవతలి వాళ్ళని తిట్టుకోండి. ఐజీని తీసేస్తే 30 రోజుల కారణం కాగితం వచ్చేదాకా ఒక్క నామినేషన్ కదలనివ్వమని రెండు పార్టీల నుంచి చెరో పది మంది సెనేటర్లు సంతకం పెట్టండి. షేర్ల బిల్లుని ఓటింగ్‌కి తీసుకురండి, ఓడిపోతే ఓడిపోనివ్వండి, కనీసం ఎవరు వద్దన్నారో పేర్లు రికార్డులో పడతాయి, 2013లో లాగా గుంపులో గోవిందా వద్దు. ఫోయా మీకూ వర్తింపజేసుకోండి. కుదరదు అనకండి, 1995లో మిగతా దేశానికి ఉన్న లేబర్ చట్టాలు కాంగ్రెస్ ఆఫీసులకీ వర్తించేలా మీరే చట్టం చేసుకున్నారు, గింగ్రిచ్ రిపబ్లికన్లు పాస్ చేస్తే క్లింటన్ సంతకం పెట్టాడు, కాపిటల్ గుమ్మటం ఏం కూలిపోలేదు.

ఈ లేఖ మా కాంగ్రెస్‌మాన్ ఆఫీసు ఫారంలో కూడా పెడుతున్నా. ఆ ఫారంలో సబ్జెక్ట్ ఎంచుకోమని లిస్టు ఇచ్చారు, ఇమిగ్రేషన్ ఉంది, టాక్సులున్నాయి, వెటరన్స్ ఉంది, కాపిటల్ టూర్ టికెట్లున్నాయి, జెండా కొనుక్కోడానికి కూడా ఆప్షనుంది. మీ గురించే అడగాలి అనే ఆప్షన్ లేదు. పైనుంచి కిందదాకా రెండుసార్లు చూసి, ఇతరములు అని పెట్టి పంపిస్తున్నా.

ఇట్లు,
డాలస్ పక్కన ఉండే ఒక ఖమ్మం జిల్లా ఓటరు